మూత తీయకుండా తాగిన లారీ

షెడ్డుకొచ్చే బండి వేరు, ఇంటి పెరట్లో ఉండే బండి వేరు. షెడ్డుకొచ్చినదానికి జబ్బు మాత్రమే ఉంటుంది. పెరట్లో ఉన్నదానికి జబ్బుతో పాటు ఇంటి మనుషుల బెంగలూ భయాలూ అలకలూ అన్నీ ఉంటాయి. ఈ ముక్క నాకు షెడ్డులో ఎవరూ చెప్పలేదు. పని మానేశాక ఒక పాత లారీ దగ్గర తెలిసింది. స్కానరు తగిలించి, తెర మీద పడిన అంకె చూసి రోగం పేరు చెప్పేసే కుర్ర మెకానిక్కులు ఇది చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోండి. మొదట నేనూ నవ్వినవాణ్ణే.

పలాసలో హైవే పక్కన లారీల షెడ్డులో నా జీవితం గడిచింది. నడుం మొండికేశాక షెడ్డు శిష్యుడికి అప్పజెప్పేశాను. అయినా పాత బళ్ళవాళ్ళు వదలరు కదా. వాళ్ళ బళ్ళు ఇప్పటి కుర్రాళ్ళకి పట్టుబడవు, ఓసారి ఇంటికొచ్చి చూడమని నాకు కబురు పెడతారు. ఆడపిల్లని పుట్టింటికి పిలిచినంత మర్యాదగా పిలుస్తారు, భోజనం పెడతారు, చేతికి కొబ్బరికాయల సంచీ ఇచ్చి పంపుతారు. ఇంట్లో ఉండి గోడలు చూడడం కంటే నాకూ అదే బాగుండేది.

అలా వెళ్ళిన ఇళ్ళలో ఒకటి ఉద్దానంలో ఉంది. సముద్రం కనబడదు గాని వినబడుతుంది. ఇంటి వెనక పెరడు, పెరడు దాటగానే జీడితోట. మొన్నటి తుపానుకి కొబ్బరి చెట్లు సగానికి సగం పోయి, మొండేలు మాత్రం నిలబడి ఉండేవి. ఆ పెరట్లో, ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన పాతకాలం లారీ ఒకటి ఉండేది. దాని వెనక భాగం ఇంటివైపు, మొహం తోటవైపు. నౌపడ నుంచి ఏళ్ళ తరబడి ఉప్పు మోసిన బండి. ఉప్పు దాని ఛాసీని ఎక్కడికక్కడ కొరుక్కు తినేసింది. తర్వాత జీడిపిక్కలు మోసింది, కొబ్బరి మోసింది. ఇప్పుడు కాగితాల గడువు తీరిపోయి రోడ్డెక్కే వీల్లేక, పొద్దున్నే కాసేపు నిలబడ్డచోటే ఇంజన్ తిరిగి ఆగిపోయేది. అంతకుమించి దానికి పనిలేదు.

బండి యజమానే దాని డ్రైవరు కూడా. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా నన్ను బావా అనేవాడు. అందుచేత ఆయన భార్యకి నేను అన్నయ్యనయ్యాను. ఆయనకి కిడ్నీలు పోయాయి. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే, ఆ మాట చెబితే ఎవరూ ఎలా వచ్చిందని అడగరు, ఎన్నాళ్ళయిందని అడుగుతారు. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి మిషను మీద పడుకుని రక్తం కడిగించుకుని వచ్చేవాడు. సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువెత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు తాగకూడదు. ఒంట్లోంచి నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకి ఇంత అని డాక్టరు చెప్పిన కొలతే. ఆ కొలత ఆయన భార్య చూసుకునేది. చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చి, మంచినీళ్ళ బిందె మీద పళ్ళెం పెట్టి, పళ్ళెం మీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టేది. ఆ బరువు ఆయన ఎత్తలేడు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "బావా, బండి నీల్లు తాగేత్తంది. బకెట్టుడు పోత్తే తెల్లారేసరికి ఖాళీ. ఓపాలి వచ్చి సూడు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. రేడియేటర్లో నీళ్ళు తగ్గడం కూడా ఒక జబ్బేనా? ఎక్కడో కారుతూ ఉంటుంది, లేదా లోపలికి పోతూ ఉంటుంది. మూడో దారి లేదు. సంచీలో నాలుగు పానాలు వేసుకుని బస్సెక్కాను.

వెళ్ళి చూస్తే కింద నేల పొడిగా ఉంది. ఇసక నేల, చుక్క పడినా మచ్చ కనబడుతుంది. మచ్చ లేదు. గొట్టాలు పాతబడ్డాయని మార్చాను. మళ్ళీ ఫోన్ వచ్చింది. వాటర్ పంపు విప్పి సీలు మార్చాను. మళ్ళీ ఫోన్. ఇంజన్ ఆయిల్లో నీళ్ళు కలిస్తే మజ్జిగలా తెల్లబడుతుంది, తీసి చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది. సైలెన్సర్లో తెల్లపొగ లేదు. అయినా నా అహం ఊరుకోదు కదా. శిష్యుణ్ణి రప్పించి ఇంజన్ హెడ్డు దింపించి గ్యాస్కెట్ మార్పించాను. అక్కర్లేని ఆపరేషను అని నాకు లోపల తెలుస్తూనే ఉంది. హెడ్డు బిగించి వచ్చిన మర్నాడే ఫోన్. ఇప్పుడు సాయంత్రం కూడా ఓ బకెట్టు తాగుతోందట.

మా షెడ్డులో నాతో పాటు పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఒకడున్నాడు. నాకంటే ముసలాడు, నోరు మాత్రం కుర్రది. ఆయనకి ఈ సంగతి చెబితే బీడీ వెలిగించుకుంటూ తేలిగ్గా తేల్చేశాడు. "అన్నేల్లు ఉప్పు తిన్న బండి. దాహం ఎయ్యదేటి?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఇంటికెళ్ళి పడుకున్నాక ఆ మాట నన్ను వదల్లేదు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. పాతకాలం లారీ డ్రైవర్లలో కొందరు, పొద్దున్నే బండికి నీళ్ళు పోసేదాకా తాము పచ్చి మంచినీళ్ళు ముట్టరు. ఈయనకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. రేడియేటరు మూత ఆయన చెయ్యే తీయాలి, నీళ్ళు ఆయన చెయ్యే పోయాలి. బరువెత్తకూడదు గనక బావిలోంచి భార్య తోడి, బకెట్టు మోసుకెళ్ళి ముందు బంపరు దగ్గర పెట్టి వచ్చేసేది. తర్వాత ఆయన ఒక్కడూ లారీ ముందుకి వెళ్ళి, బానెట్ ఎత్తి, చెంబుతో కొంచెం కొంచెంగా పోసేవాడు. బండి దాహం తీరుతున్నప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని ఆయన నమ్మకం. తిండి తినేవాడి నోట్లోకి చూస్తామా అనేవాడు. ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు, నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. అలాంటి డ్రైవర్లని చాలామందిని చూశాను.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన తోటలోకి వెళ్ళినప్పుడు భార్య నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. గట్టిమనిషి. అంతవరకూ ఆమె మొహంలో భయం నేను చూడలేదు. ఆసుపత్రిలో నర్సు తనని వెళ్ళినప్పుడల్లా తిడుతోందని చెప్పింది. ప్రతిసారీ ఆయన బరువు పెరిగి వస్తున్నాడట, కాళ్ళు వాస్తున్నాయట, ముద్దు కొద్దీ నువ్వే నీళ్ళు పోస్తున్నావు, ఇలాగైతే మీ ఆయన పొడినేల మీదే మునిగిపోతాడు అందట. ఒట్టేసి చెప్పినా నమ్మలేదట. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ బండి తాగుతాది అన్నయ్యా. నాను ఇన్నాను. గుటక ఏసిన సప్పుడు," అంది. "అది తాగిన నీల్లన్నీ ఆయన ఒంట్లోకి వత్తన్నాయి. అది ఎంత తాగితే ఈయన అంత ఉబ్బుతన్నారు. మా తమ్ముడు పాతినుముకి ఇచ్చీమంతన్నాడు. ఇచ్చీనా?"

పట్టపగలు, ఎండ మాడుతోంది. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇంకా పూర్తిగా చూడలేదు, తొందరపడొద్దు అని చెప్పి బయటపడ్డాను. బండి ఇనుప సామాన్లవాడికి పోతే ఆయన మిషను దగ్గరికి వెళ్ళడం కూడా మానేస్తాడని నాకు తెలుసు. ఆ బండి ఇంజన్ వినడానికే పొద్దున్న లేస్తున్నాడు.

తర్వాతిసారి ఎలక్ట్రీషియన్‌ని తీసుకుపోయాను, వేడి చూపించే మీటరు వైర్లు చూడ్డానికి అనే వంకతో. అసలు సంగతి, ఒక్కణ్ణే వెళ్ళబుద్ధి కాలేదు. పని అయ్యేసరికి పొద్దు వాలింది. వెనక అరుగు మీద టీ తాగుతున్నాం. సముద్రం గాలి ఆగి, ఆకు కదలడం లేదు. అప్పుడు లారీ అవతలి నుంచి వినబడింది. గుటక. ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత గబగబా వరసగా. పశువు తొట్టిలో మూతి పెట్టి తాగినట్టు తాగుతోంది. ఇంటావిడ నావైపు చూసింది. మేం లేచి లారీ చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళేసరికి బానెట్ లేచి ఉంది, బంపరు దగ్గర బకెట్టు ఖాళీగా ఉంది, ఆయన అవతల జీడిచెట్టు మొదట్లో కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఇన్నారా?" అన్నాడు మెల్లిగా. "నాను అబద్దం సెప్తన్నానా?"

మా ఎలక్ట్రీషియన్ టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి, ఇంటి దగ్గర పని గుర్తొచ్చిందన్నాడు. ఆయనకి ఇంటి దగ్గర ఏ పనీ ఉండదు. ఆ తర్వాత ఆ ఊరి పేరెత్తితే మాట మార్చేసేవాడు.

నేను మాత్రం వదల్లేకపోయాను. ధైర్యం అనుకోకండి. రోగం తెలియని బండిని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు, అంతే. ఇంక మిగిలింది మూత ఒక్కటే. లోపలి వాషరు పోయి, ఇంజన్ అదురుకి మూత సడలి, ఆవిరి పోతోందేమో చూడాలి. దానికి మా పాత మేస్త్రీ నేర్పిన తేలిక పద్ధతి ఉంది. రేడియేటరు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, మూత మీదుగా కిందికి, అది కూర్చునే మెడ దాకా సుద్దముక్కతో ఒకే గీత గీయాలి. మూత వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోతుంది. ఆయన పలాసలో మిషను మీద ఉన్న రోజున వెళ్ళి గీత గీసి వచ్చాను. ఆయన ఎదురుగా లేకుండా మూత ముట్టుకోవడం అదే మొదటిసారి. ఏదో దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడే నీళ్ళు పోశాను, మొత్తం తాగేసింది అన్నాడు. బంపరు దగ్గర బకెట్టు ఖాళీ. కింద ఇసక పొడి. బానెట్ ఎత్తాను.

గీత అలాగే ఉంది. నిన్న గీసింది గీసినట్టే, మూత మీంచి మెడ మీదికి, ఒక్క పొడి రవ్వ రాలకుండా. మూత ఎవరూ తీయలేదు. బకెట్టు నీళ్ళు మాత్రం లేవు.

ఆ కాసేపు నాకు నిజంగా భయమేసింది. మూత తీయకుండా తాగింది అనే మాట నా బుర్రలో అదంతట అదే పుట్టింది. ఆ పాత లారీ మొహం, దాని పగిలిన హెడ్‌లైట్లు, వాటి కింద తుప్పుతో నల్లబడ్డ జాలీ, అన్నీ నా వైపే చూస్తున్నట్టున్నాయి. ఇన్నేళ్ళూ ఇలాంటి బళ్ళ కింద పడుకుని అన్నం తిన్నాను, కునుకు తీశాను. ఏ బండీ నన్ను భయపెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. ఆయన అరుగు దిగి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నా చూపు ఆయన పాదాల మీద పడింది. చెప్పుల పట్టీలు వాచిన చర్మంలోకి దిగబడిపోయాయి. తువ్వాలు చివర తడిగా ఉంది. బనీను ముందు భాగం, గెడ్డం కింద నుంచి పొట్ట దాకా తడిసి ఉంది.

భయం పోయింది. దాని బదులు వచ్చింది ఇంకా బరువుగా ఉంది. నేను గీత వైపు చూశాను, ఆయనా చూశాడు. డ్రైవరు కదా, ఆ గీత ఎందుకో వేరే చెప్పక్కర్లేకపోయింది. బంపరు మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇంటివైపు మాకు లారీయే అడ్డం.

"గ్లాసు కొలిసి ఇత్తాది బావా," అన్నాడు. "దాని తప్పు కాదు. కానీ ఆ గ్లాసుడు నాలిక తడిసేలోపు అయిపోద్ది. పొద్దంతా ఆ గ్లాసే కల్లల్లో ఉంతాది. బండికైతే నిండా బకెట్టుడు తెచ్చి పెడతాది. తాగినన్ని తాగి, మిగిలినవి జీడిసెట్టు మొదట్లో పోసేత్తన్నాను. బండికి ఎవలైనా కొలిసి పోత్తారేటి?"

నాకు కోపం రావాలి. ఆయన కోసం హెడ్డు దింపాను, ఆ ఇల్లాలు నర్సు చేత తిట్లు తింది, బండిలో దెయ్యముందని వణికిపోయింది. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. దాహం అంటే నాకు తెలుసనుకునేవాణ్ణి. ఎండలో షెడ్డులో పనిచేసి వచ్చి కుండ ఎత్తి తాగడమే నాకు తెలిసిన దాహం. ఎత్తడానికి కుండ లేని దాహం నాకు తెలియదు.

ఇలా తాగితే చచ్చిపోతావన్నాను. తెలుసన్నాడు. మీ ఇంటావిడకి చెప్పేస్తానన్నాను. అప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సెప్పకు. ఆ బకెట్టు తోడింది అదే, మోసింది అదే. తన సేత్తోనే నాకు పెట్టిందని తెలిత్తే అది బతకదు బావా."

ఇదీ నా ముందున్న చిక్కు. చెబితే ఆమె మీద జీవితాంతం ఆ బకెట్టు బరువు. చెప్పకపోతే రేపు పొద్దున్న మళ్ళీ నిండు బకెట్టు. మా పనిలో ఇలాంటి చిక్కుకి పానా లేదు. చాలాసేపు ఆ బంపరు మీదే కూర్చున్నాను. చివరికి నాకు చేతనైనదే చేశాను, బండినే బాగుచేశాను.

ముందు ఆయన్ని స్టీరింగు ఎక్కమన్నాను. బండి తిప్పి మొహం ఇంటివైపు పెట్టమన్నాను. అదివరకు పని తేలికవుతుందని నేను ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోనివాడు ఆ రోజు ఎదురు చెప్పలేదు. కుడిచేత్తోనే తిప్పాడు. ఎంత చక్కగా తిప్పాడనుకున్నారు, ఒక్క జీడికొమ్మ కూడా తగల్లేదు. అదే ఆయన ఆఖరి డ్రైవింగ్. భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి చూస్తూ నిలబడింది. ఆయన మొహంలో కాసేపు రోగం కనబడలేదు.

మధ్యాహ్నం పలాస పోయి, నీళ్ళకి బదులు పోసే కూలెంట్ డబ్బాలు తెచ్చాను. రేడియేటర్లో నీళ్ళన్నీ వదిలేసి, ఆ ఆకుపచ్చ మందు నింపి, కొత్త మూత బిగించాను. ఇంటావిడని పిలిచి, ఆయన ఎదురుగానే చెప్పాను. బండిలో ఏమీ లేదు, పాత మూతదే తప్పు. ఇకనుంచి దీనికి నీళ్ళక్కర్లేదు. పోస్తే ఇంజన్ పాడవుతుంది. లోపలున్నది విషం, ఎవరూ ముట్టుకోవద్దు. బకెట్టు బావి దగ్గరే ఉండాలి. ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. నేను తల తిప్పుకున్నాను.

నేను సంచీ భుజాన వేసుకుని కదిలాక, ఆయన బండి ముక్కు మీద చెయ్యేసి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"అయితే దానికీ నీల్లు కట్టేసినావన్నమాట."

తర్వాత నర్సు తిట్టడం మానేసిందని తెలిసింది. కాళ్ళ వాపు తగ్గింది. మళ్ళీ జీడిపూత వచ్చి, కాయలు రాలి, ఇంకోసారి పూత వచ్చేదాకా ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా పలకరించేవాడు, బండి గురించి మాట్లాడేవాడు, నీళ్ళ మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నాకు మంచినీళ్ళు ఇస్తే ఆయన ఎదురుగా తాగలేక, పెరట్లోకి తీసుకెళ్ళి బండి అవతల తాగేవాణ్ణి. ఒక పొద్దున్న మిషను దగ్గరికి బయల్దేరుతూ అరుగు మీదే ఒరిగిపోయాడు. చివర్లో నీళ్ళడిగాడట. ఆమె గ్లాసు తెచ్చేలోపే అయిపోయిందట.

కర్మకాండలు అయ్యాక కొన్నాళ్ళకి ఆమె ఫోన్ చేసింది. బండి అమ్మడానికి పిలుస్తోందనుకున్నాను. కాదు. "అన్నయ్యా, మల్లీ ఇనబడతంది," అంది.

వెళ్ళాను. ఆయన పోయాక ఇంజన్ ఎవరూ తిప్పలేదు. బండి మొహం ఇంటివైపే ఉంది. మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు. కూలెంట్ కారితే ఆకుపచ్చ మరక పడుతుంది. గొట్టాల మీద మరక లేదు, జాలీ మీద లేదు, ఇసకలో లేదు. వేలు పెట్టి తడిమాను, లోపల పొడిగా ఉంది. నా వేలికి తెల్లటి పొడి అంటుకుంది. నాలిక మీద పెట్టుకుని చూడబోయి మానేశాను.

దానికి కారణం మీలో ఎవరైనా చెప్పగలరేమో. నేను వెతకలేదు. బావి దగ్గరికి నడిచి నీళ్ళు తోడాను, బకెట్టు మోసుకొచ్చి చెంబుతో కాదు, ఎత్తి నేరుగా పోశాను. ఆమె నా పక్కనే నిలబడింది. ఖాళీ రేడియేటర్లో నీళ్ళు పోస్తే లోపలి గాలి పైకి తన్నుకొస్తూ గుటక వేసినట్టు చప్పుడవుతుంది. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చప్పుడే అయింది.

బకెట్టు ఖాళీ అయ్యాక దాన్ని కింద పెట్టాను. చప్పుడు ఇంకా కాసేపు వినబడుతూనే ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇంకో బకెట్టు తోడీమంతావా అన్నయ్యా?" అంది.

తోడమన్నాను.